మెడ పట్టుకొని ఏడ్చినప్పటి మాటలు

1950వ సంవత్సరం మార్చి నెలలో మెదక్ పట్టణం కచేరీలో, మేజిస్ట్రేటు గారు అడుగగా జ్ఞానమ్మ తన నోటితో చెప్పినది. ఆమె చెప్పినట్టే తెలుగులో రాయడమైనది.

నా పేరు జ్ఞానమ్మ. మా ఆయన పేరు పేతురు, ఇప్పుడు లేడు. నాకు నలభై ఏళ్లుంటాయి, ఒకటి రెండు ఎక్కువే ఉండవచ్చు. మెదక్‌లోనే కోట కింద దిక్కులేని ఆడవాళ్ల శరణాలయంలో ఆయాగా పని చేస్తున్నాను. ముసలివాళ్లు, మతి చెదిరినవాళ్లు, ఇంటివాళ్లు వదిలేసిపోయినవాళ్లు అక్కడ ఉంటారు. వాళ్లకు తినిపించడం, కడగడం, పడుకోబెట్టడం నా పని. అక్కడి సూపరింటెండెంటు గాబ్రియేలు గారు మా ఆయనకు స్వయానా అన్న, నాకు బావ. ఆయన ఇంటి వెనక గదిలోనే ఉంటాను. ఆ పని నాకు ఇప్పించింది కూడా ఆయనే. ఈ సంగతి ఎవరో చెప్పకముందు నేనే చెబుతున్నాను.

గాలయ్య అనే అతను పోలీసు పటేలును చంపాడా లేదా అని నన్ను అడుగుతున్నారు. నాకు తెలియదు. ఆ పిల్లవాడిని నేను ఇవాళ ఈ కచేరీలో చూడటమే మొదటిసారి. అతని తల్లి కిష్టవ్వ మా శరణాలయంలో ఉంటుంది. ఆమె ఏం చెప్పిందని అడుగుతున్నారు. అది చెప్పాలంటే ఆమె ఎట్లా మాట్లాడేదో ముందు చెప్పాలి. ప్లీడరు గారు గడియారం చూసుకుంటున్నారు, చూసుకోనివ్వండి. నన్ను పిలిపించింది మీరే కదా.

కిష్టవ్వది కుల్చారం దిక్కు పల్లె. సైన్యం వచ్చి నైజాం పోయిన ఏడు, పత్తి తీసే రోజుల్లో, ఎవరో బండిలో తెచ్చి మా గేటు ముందు దించిపోయారు. అంతకు కొద్ది నెలల ముందే రజాకార్లు ఆమె ఇంటికి వచ్చి మొగుణ్ని కొట్టి చంపారని బండివాడు చెప్పాడు. కొడుకు సంఘంలో కలిసి అడవి పట్టాడని కూడా చెప్పాడు. అంతకు మించి మాకేమీ తెలియదు. ఆమె పేరు కూడా బండివాడు చెబితేనే తెలిసింది. ఆమె మాట్లాడేది కాదు.

మాట్లాడకపోతే సరే, తిండి పెట్టబోతే గిన్నె విసిరికొట్టేది. నాతో పని చేసే గోదావరి చెయ్యి పట్టుకోబోతే మణికట్టు దగ్గర కొరికింది, ఇప్పటికీ మచ్చ ఉంది. అన్నిటికంటే పెద్ద గోల మంచాలతో. ఎవరూ చూడనప్పుడు అందరి మంచాల కింద దూరి నులక విప్పేసేది. పాపం ముసలివాళ్లు వచ్చి కూర్చోబోయి కింద పడేవాళ్లు. గాబ్రియేలు గారు ఆమెను చిన్న గదిలో పెట్టి బయట గొళ్లెం పెట్టించారు. ఆమె లోపల నేల గీరుతుంటే నాకు అన్నం దిగేది కాదు.

అందరూ ఆమెను ప్రశ్నలే అడిగేవాళ్లు. పేరేంది, ఊరేంది, ఎందుకు తినవు, నులక ఎందుకు విప్పుతవు. డాక్టరు వచ్చినా అదే, ప్రార్థన చెప్పే అమ్మగారు వచ్చినా అదే. ఎదురుగా నిలబడి మొహం మీద మొహం పెట్టి అడిగితే గుండె పగిలిన మనిషి ఏం చెబుతుంది? రజాకార్లు కూడా అట్లాగే అడిగి ఉంటారు.

ఒక రోజు పొద్దున నేను గొళ్లెం తీసి లోపలికి పోయి ఆమె పక్కన కూర్చున్నాను. ఏమీ అడగలేదు. ఆమె మెడ మీద చెయ్యి వేసి, తల ఆమె భుజం మీద పెట్టి, మా పేతురును తలచుకొని శోకం తీశాను. మా దిక్కు ఆడవాళ్లు చావు దగ్గర, చాలా రోజులకు కలిసినప్పుడు అట్లా మెడలు పట్టుకొని ఏడుస్తారు. అయ్యా, మీరు ఈ దిక్కు వారో కాదో నాకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. అందులో రాగం ఉంటుంది, మాట ఉంటుంది. ఒకరి మొహం ఒకరికి కనపడదు. ఎవరి పోయినవాళ్లను వాళ్లు పిలుచుకుంటారు. కడుపులో ఉన్నదంతా అందులో పోతుంది. ఏడుపు అయ్యాక ఒకరు లేచి నీళ్లు తెచ్చి రెండోవారి మొహం కడుగుతారు. ఆ తర్వాత ఆ మాటలు మళ్లీ ఎవరూ ఎత్తరు. ఏడుపులో గట్ల అన్నవు కదా, అదేంది అని అడగడం మా దగ్గర లేదు. మగవాళ్లయితే ఆడవాళ్లు మెడలు పట్టుకోగానే లేచి అవతలికి పోతారు. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు, చిన్నప్పటి నుంచి చూసి తెలుసుకుంటారు.

 చాలాసేపటికి కిష్టవ్వ చెయ్యి నా మెడ మీదికి వచ్చింది. తర్వాత గొంతు లేచింది. "ఓ నా రాజా, నులక మంచానికి కట్టిరి గదా, నా చేతికి ముడి రాలేదు గదా" అని ఏడ్చింది. అప్పుడు నాకు అర్థమైంది, ఆమె అన్ని మంచాల కింద ఎందుకు దూరుతుందో. మొగుణ్ని మంచానికి కట్టేసి కొట్టారు. ఆ ముడి విప్పలేకపోయిన మనిషి ఇప్పుడు కూడా విప్పుతూనే ఉంది.

నేను మొహం కడిగాను. ఏమీ అడగలేదు. మర్నాడు ఒక పాత మంచం తెచ్చి ఆమె గదిలో వేశాను. రోజూ ఆమె దాని నులక విప్పేది, సాయంత్రం నేను మళ్లీ అల్లేదాన్ని. వేరే మంచాల జోలికి పోవడం మానేసింది. నా చేతి గంజి తాగింది. గొళ్లెం తీసేశాం. వారానికి ఒకసారి, రెండుసార్లు మెడలు పట్టుకొని ఏడ్చేవాళ్లం. ఆ తర్వాత రెండు రోజులు ఆమె మామూలు మనిషిలా చింతపండు గింజ తీసేది, గోదావరికి జడ వేసేది.

గాబ్రియేలు గారికి ఇది నచ్చలేదు. "గీ శోకాలు బందు చెయ్యి జ్ఞానమ్మా. మనం దేవుని బిడ్డలం. దాతలొచ్చి చూస్తే ఏమనుకుంటరు? ఇది శరణాలయమా, చావిల్లా?" అనేవారు. నేను సరేనని తలూపి, ఆయన బజారుకు పోయినప్పుడు ఏడ్చేదాన్ని. ఏడవడానికి కూడా సందు చూసుకోవాల్సి వచ్చింది.

పోయిన క్రిస్మస్ పండుగ ముందు కుల్చారం దిక్కు ఒక పల్లెలో, ఆ ఊరి పెత్తనం చేసే పోలీసు పటేలును ఎవరో చంపారు. ఆ పల్లె కిష్టవ్వ పల్లెకు ఆనుకొనే ఉంటుంది. సంఘం వాళ్లే చంపారని పోలీసులు ఊళ్లు గాలించారు. దళం వాళ్లకు దూది, మందు సీసాలు మోశాడని జనవరిలో మా గాబ్రియేలు గారి కొడుకు రిచర్డును పట్టుకుపోయారు. వాడు నా చేతుల్లో పెరిగిన పిల్లవాడు. ఇంట్లో పొయ్యి వెలగలేదు. బావగారు రోజూ ఠాణాకు పోయి గేటు దగ్గర నిలబడి వచ్చేవారు.

ఆ తర్వాత ఆయన మారిపోయారు. ఒక రోజు నన్ను పిలిచి, "జ్ఞానమ్మా, నీ పద్ధతే మంచిగుంది. డాక్టర్లు చెయ్యలేంది నువ్వు చేసినవు. నాకే సమజ్ కాలేదు" అన్నారు. అంత చదువుకున్న మనిషి నన్ను మెచ్చుకున్నారని ఆ రోజంతా నా కాళ్లు నేల మీద లేవు. గోదావరికి పదిసార్లు చెప్పాను. ఇప్పుడు తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

కిష్టవ్వకు ఆడబిడ్డ ఉంది, పేరు రామమ్మ. అప్పుడప్పుడు ఆదివారాల్లో వచ్చి చూసిపోయేది. ఎవరు వచ్చినా సూపరింటెండెంటు గదిలో తమ ఊరు, పేరు చెప్పాకే లోపలికి రావాలి. ఫిబ్రవరిలో ఒక ఆదివారం రామమ్మ వచ్చి కిష్టవ్వ చెవిలో ఏదో చెప్పి పోయింది. ఆ రోజు నుంచి కిష్టవ్వ మళ్లీ తిండి మానేసింది.

గాబ్రియేలు గారు నాతో, "కొడుకు మీద దిగులున్నట్టుంది. లోపల పెట్టుకుంటే మనిషి దక్కదు. కూసోబెట్టి కడుపుల బరువు దింపు. కొడుకు ముచ్చట నువ్వే జర తియ్యి" అన్నారు. నాకు ఆ మాట ధర్మంగానే తోచింది. బుధవారం పగలు మూడు గంటలప్పుడు నేను వరండాలో చాప వేస్తుంటే ఆయన వచ్చి, "ఇయ్యాల గీడ కడుగుతరు. బట్టల గది ముంగట కూసోండ్రి, నీడ ఉంటది" అన్నారు. దుప్పట్లు పెట్టే చిన్న గది అది. తలుపు దగ్గరికి వేసి ఉంది. ఆయన బజారుకు పోతున్నానని చెప్పి గొడుగు తీసుకున్నారు. ఏ కాలమైనా గొడుగు లేకుండా బయటికి కదలని మనిషి కాబట్టి నిజంగానే పోతున్నారనుకున్నాను.

మేం కూర్చొని మెడలు పట్టుకున్నాం. ముందు నేనే ఎత్తుకున్నాను. ఏమన్నానో కూడా చెబుతాను, వినండి. "ఓ పేతురా, నా చేతులార నిన్ను సంపుకుంటి గదా. గా నీళ్లు నేనే తెస్తి, నేనే తాపితి, నిన్ను మన్నుల పెట్టిందాన్ని నేనే గదా" అని ఏడ్చాను. తర్వాత, "ఒక కొడుకన్న లేకపాయె, నన్ను చూసెటోడు లేకపాయె" అన్నాను. కొడుకు మాట అట్లా తీశాను. అడగలేదు, తీశాను.

కిష్టవ్వ నా మెడ గట్టిగా బిగించింది. "ఓ కొడుకో గాలయ్యా, మేనత్త గొడ్ల కొట్టంల ఏ గడ్డి మీద పన్నవు కొడుకో. పటేలు నెత్తురు నీ చేతికి అంటుకునె గదరా. గా చెయ్యి కడగనీకి నేను లేకపోతి గదరా" అని ఏడ్చింది. ఇంకా చాలా ఏడ్చింది. చిన్నప్పుడు వాడికి అమ్మవారు పోసిన సంగతి, మొగుడు వాడిని భుజాన ఎక్కించుకొని మంజీర దాటిన సంగతి ఏడ్చింది. అన్నీ కలిపి ఒకటే ఏడుపు.

నేను నీళ్లకు లేచాను. చెంబు అందుకునే లోపలే బట్టల గది తలుపు తెరుచుకుంది. గాబ్రియేలు గారు, ఆయన వెనక ఒక పోలీసు అధికారి బయటికి వచ్చారు. ఆ అధికారి మద్రాసు వైపు నుంచి వచ్చినాయన. మా ఏడుపు ఆయనకు అర్థం కాలేదు. అక్కడే, కిష్టవ్వ ముందే నిలబడి, "మేనత్తంటే ఎవరండీ? ఏ ఊరు?" అని అడిగారు.

"రామమ్మ సార్. ఎల్దుర్తి దిక్కు. మొన్న ఆదివారమే వచ్చిపోయింది" అన్నారు మా బావగారు.

"మరి పటేలు సంగతి?"

"కొడుకే చంపిండని తల్లి నోటితోనే చెప్పింది సార్. మీరు విన్నరు కదా."

కిష్టవ్వ మొహం ఇంకా కడగలేదు. కన్నీళ్లు, చీమిడి అట్లాగే ఉన్నాయి. ఆమె వాళ్లను చూడలేదు, నన్ను చూసింది. "నీ మెడ పట్టుకుంటి గదనే" అంది. గట్టిగా అనలేదు. నేను నాకు తెలియదని చెప్పబోయాను. చెంబు తీసుకొని దగ్గరికి పోతే ఆమె మొహం తిప్పుకొని కొంగుతో తనే తుడుచుకుంది.

తెల్లారేసరికి గాలయ్యను రామమ్మ కొట్టంలో పట్టుకున్నారు. రామమ్మను, ఆమె పెనిమిటిని కూడా తీసుకుపోయారు. శనివారం రిచర్డు ఇంటికి వచ్చాడు. అయ్యా, వాడు రావాలని నేను కూడా మోకాళ్లు వాచేదాకా ప్రార్థన చేశాను. కాని కిష్టవ్వ కొడుకును ఇచ్చి మా పిల్లవాడిని తెచ్చుకుందామని ఏ ప్రార్థనలోనూ అడగలేదు.

ఆ రోజు నేను బావగారిని నిలదీశాను. అప్పటిదాకా ఆయనను మీరు అనే పిలిచేదాన్ని. ఆ రోజు నోరు ఆగలేదు. "నువ్వు సుత మన వాడల పుట్టినోనివే గద బావా. అత్తమ్మ శోకం తీస్తుంటే నువ్వు లేచి ఎడ్లకాడికి పోకపోతివా? గా తలుపెనక ఎట్ల కూసోబుద్ధయింది నీకు?" అని అడిగాను.

ఆయన కంచం ముందు కూర్చొని ఉన్నారు. "నా కొడుకు లోపట ఉండె గద జ్ఞానమ్మా. నేనేం జెయ్యాలె చెప్పు?" అన్నారు.

"నాకు చెప్పకపోతివి. నాతోని చేయిస్తివి" అన్నాను.

"చెప్తే నువ్వు చేస్తవా?" అన్నారు.

చేయనని ఆయనకు తెలుసు. తెలిసే చెప్పలేదు. నన్ను మెచ్చుకొని, నా పద్ధతి మంచిదని చెప్పి, నీడ చూపించి, గొడుగు పట్టుకొని నమ్మించి గొంతు కోశారు. ఊళ్లో ఎవరో మోసం చేస్తే తిట్టి ఊరుకునేదాన్ని. ఇంటి పెద్ద చేశాడు. నేను ఆయన చేతి కూడు తిన్నాను, ఆయన పిల్లవాడిని ఎత్తుకొని పెంచాను. మా పేతురు పోయినప్పుడు నాకు నాన్న లాంటివాణ్ననుకో అని అందరి ముందు చెప్పిన మనిషి. నా కడుపు మండిపోతుంది. ఈ మాట ఆయన ఇక్కడ కూర్చొని ఉండగానే చెబుతున్నాను, రాసుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. గాబ్రియేలు గారి వాంగ్మూలం గుమాస్తా గారు నాకు చదివి వినిపించారు. కిష్టవ్వ ఏడ్చిన మాట అందులో ఉంది. నేను ఏడ్చిన మాట లేదు. నా చేతులారా పేతురును చంపానని నేను ఆ చాప మీదే, ఆ రాగంలోనే, ఆమె కంటే ముందే ఏడ్చాను. పేతురు గత్తర వచ్చి, అదే కలరా వచ్చి పోయాడు. ఆ ఏడు మా వాడలో ఇంటికొకరు పోయారు, దవాఖాన డాక్టరును అడగండి. నేను చంపలేదు. కాని చచ్చేదాకా నేనే చంపానని ఏడుస్తాను, ఎందుకంటే ఆ నీళ్లు తెచ్చింది నేను. బిడ్డ జ్వరంతో పోతే తల్లి నా పాలే విషమైనయని ఏడుస్తుంది. మొగుడు బావిలో పడితే పెళ్లాం నేనే తోస్తినని ఏడుస్తుంది. మా దగ్గర అట్లాగే ఏడుస్తారు. తప్పు ఎవరిదో తెలియని చోట దాన్ని మాది చేసుకుంటాం, మా పిల్లలది చేసుకుంటాం. ఆ మాటలకు ఉరి వేస్తే ఈ తాలూకాలో ఒక్క ఆడమనిషి మిగలదు.

ఒకే ఏడుపులో కిష్టవ్వ మాట సాక్ష్యం, నా మాట ఏడుపు ఎట్లా అవుతుంది? ఆమె మాటకు గాలయ్యను పట్టుకుంటే, నా మాటకు నన్ను కూడా పట్టుకోండి. పేతురు హత్య కేసు పెట్టండి. తలుపు వెనక ఇద్దరు సాక్షులు కూడా ఉన్నారు.

ఇంకొకటి. పటేలు చచ్చిపోయినప్పుడు కిష్టవ్వ మా శరణాలయంలో ఉంది. వచ్చిన రోజు నుంచి గేటు దాటలేదు. చూడని మనిషి ఏం సాక్ష్యం చెబుతుంది? రామమ్మ చెవిలో ఏదో చెప్పింది, అదేమిటో నేను వినలేదు. గాలయ్య ఏ తప్పూ చేయలేదని నేను చెప్పడం లేదు. నాకు తెలియదు అని చెబుతున్నాను. తెలిసినవాళ్లను పిలిచి అడగండి. తల్లి కన్నీళ్లతో కొడుక్కు ఉరితాడు పేనవద్దు.

కిష్టవ్వ ఇప్పుడు ఎట్లా ఉందని అడిగారు. బాగుంది. పెట్టింది తింటుంది. కూర్చోమంటే కూర్చుంటుంది. ఎవరినీ కొరకదు, గిన్నె విసరదు. నేను పోయి పక్కన కూర్చుంటే, "మంచిగున్నరా అమ్మా?" అని దాతల ఇంటి నుంచి వచ్చిన మనిషిని అడిగినట్టు అడుగుతుంది. మెడ మీద చెయ్యి వేస్తే వద్దనదు, తన చెయ్యి మాత్రం ఎత్తదు. కొడుకును పట్టుకుపోయిన రోజు కూడా ఆమె ఏడవలేదు. ఇంతవరకు ఏడవలేదు. గాబ్రియేలు గారు ఆమెకు నయమైందని రాసి పంపారట.

నేను చెప్పింది రాసి చదివి వినిపించారు. ఒకచోట "ఒప్పుకొన్నది" అని రాస్తే "ఏడ్చింది" అని మార్పించాను. మిగతాదంతా నేను చెప్పినట్టే ఉంది. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఎవరూ నేర్పలేదు. ఇందులో నాకు తెలిసిన నిజం తప్ప ఒక్క మాట లేదు.

నాకు సంతకం పెట్టడం వచ్చు. నేర్పింది గాబ్రియేలు గారే. అందుకే వేలిముద్ర వేస్తున్నాను.

జ్ఞానమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర.